ఇంటి వర్క్‌షాపు వైరింగ్

కారు షెడ్డులోనో, పెరట్లో వేసుకున్న రేకుల గదిలోనో డ్రిల్లింగ్, గ్రైండింగ్, వెల్డింగ్, వడ్రంగం వంటి పనులు చేసుకోవడానికి చేసే విద్యుత్ ఏర్పాటును ఇంటి వర్క్‌షాపు వైరింగ్ అంటారు. ఇందులో వాడే తీగలు, స్విచ్‌లు ఇంటి గదుల్లో వాడేవే. లెక్క మాత్రం వేరు. పడకగదిలో ఫ్యాను, లైట్లు కలిపి ఒక ఆంపియరు కూడా తీసుకోవు. వర్క్‌షాపులో ఒక్క 2 హెచ్‌పీ కంప్రెసరే నడుస్తున్నప్పుడు దాదాపు 10 ఆంపియర్లు, తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకు ఐదారు రెట్లు లాగుతుంది. పైగా పనిచేసేవారి చేతిలో ఉండేది లోహపు యంత్రం, కాళ్ల కింద సిమెంటు నేల, వేసవి అయితే ఒంటినిండా చెమట. షాక్ తీవ్రంగా కొట్టడానికి కావలసినవన్నీ అక్కడే ఉంటాయి. ఇల్లు కట్టినప్పుడు షెడ్డులో పెట్టిన ఒక లైటు, ఒక 6 ఆంపియర్ల సాకెట్ నుంచి వైరు పొడిగించుకుంటూ పోవడాన్ని వర్క్‌షాపు వైరింగ్ అనలేం. మీటరు నుంచి వేరుగా వచ్చే ఒక లైను, దానికి సొంత బోర్డు, సొంత ఆర్‌సీసీబీ (లీకేజిని పసిగట్టి సరఫరా తెంపే పరికరం), నమ్మదగిన ఎర్తింగ్ ఉండాలి. ఇంతకన్నా తగ్గితే భద్రత లేదు.

భారతదేశంలో ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వైరింగ్ పనికి ఐఎస్ 732, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043, పీవీసీ తీగలకు ఐఎస్ 694, ప్లగ్గులు సాకెట్లకు ఐఎస్ 1293, ఆర్‌సీసీబీలకు ఐఎస్ 12640 ప్రమాణాలు వర్తిస్తాయి. వీటి సారాన్నంతా ఒకచోట చేర్చిన జాతీయ విద్యుత్ కోడ్ మొదట 1985లో వెలువడింది. 2011లోనూ 2023లోనూ దాన్ని సవరించారు. 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ జారీచేసిన భద్రతా నిబంధనలు 2010 నాటివి పోయి 2023లో కొత్తవి వచ్చాయి. వాటి ప్రకారం వైరింగ్ పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత చేయించాలి. ఏ యంత్రం ఎక్కడ ఉంటుంది, ఏవి కలిసి నడుస్తాయి, రేపు ఏది కొంటారు అన్నది ఇంటివారికే తెలుస్తుంది. అందుకే పని కాంట్రాక్టరుదైనా ప్రణాళిక ఇంటివారి దగ్గరే మొదలవుతుంది.

లోడు లెక్క

ఉన్న యంత్రాలన్నిటి వాట్లూ కూడి తీగ కొంటే డబ్బు దండగ. చేతిలో ఉన్న ఒక్క యంత్రాన్నే లెక్కగట్టి కొంటే తీగ కాలుతుంది. యంత్రాలను రెండు రకాలుగా విడదీసి చూస్తే లెక్క సులువవుతుంది. మొదటి రకం మనిషి చేత్తో పట్టుకుని నడిపేవి: డ్రిల్లు, యాంగిల్ గ్రైండరు, రంపం, వెల్డింగ్ మెషీన్. ఒక్కరే పనిచేసే షెడ్డులో వీటిలో ఒకసారికి ఒక్కటే నడుస్తుంది. రెండో రకం తమంతట తాము మొదలయ్యేవి, లేదా ఒకసారి వేసి వదిలేసేవి: ప్రెజర్ స్విచ్ ఉన్న కంప్రెసరు, పొట్టును పీల్చే యంత్రం, ఫ్యాను, లైట్లు, ఎలక్ట్రిక్ బండి చార్జరు. రెండో రకం మొత్తానికి మొదటి రకంలో అతి పెద్దదాన్ని కలిపితే వచ్చేదే అసలు లోడు. ఇద్దరు పనిచేసే చోట మొదటి రకం నుంచి రెండు యంత్రాలు తీసుకోవాలి.

ఉదాహరణకు 4 అంగుళాల యాంగిల్ గ్రైండరు 850 వాట్లదైతే సుమారు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. 2 హెచ్‌పీ కంప్రెసరు మోటారు బయటికి ఇచ్చే శక్తి 1,500 వాట్లు. మోటారు సామర్థ్యం 75 శాతం, పవర్ ఫ్యాక్టరు 0.85 అనుకుంటే అది లైను నుంచి తీసుకునేది 10 ఆంపియర్లు. లైట్లకు, ఫ్యానుకు ఒక ఆంపియరు. మొత్తం 15. ఇక్కడి వరకు ఇబ్బంది లేదు. లెక్కను తారుమారు చేసేది వెల్డింగ్ మెషీన్. చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్ మీద రాసి ఉండే 200 ఆంపియర్లు అది రాడ్డుకు ఇచ్చే కరెంటే గాని గోడ సాకెట్ నుంచి తీసుకునేది కాదు. 3.15 మిల్లీమీటర్ల రాడ్డుతో 120 ఆంపియర్ల దగ్గర వెల్డింగ్ చేస్తే ఆర్క్ వోల్టేజి దాదాపు 25, అంటే 3,000 వాట్లు. మెషీన్ లోపలి నష్టాలు, తక్కువ పవర్ ఫ్యాక్టరు కలుపుకుంటే లైను నుంచి 21, 22 ఆంపియర్లు వస్తాయి. అదే సమయంలో కంప్రెసరు కూడా నడిస్తే మొత్తం 33 దాటుతుంది. వెల్డింగ్ చేసేటప్పుడు కంప్రెసరు కట్టేస్తామనుకుంటే 32 ఆంపియర్ల ఫీడరు (మీటరు నుంచి షెడ్డు బోర్డుకు వచ్చే లైను) చాలు. ఆ మాట మీద నిలబడలేమనుకుంటే 40కి వెళ్లాలి.

షెడ్డులోనే ఎలక్ట్రిక్ స్కూటరో కారో చార్జి చేసే ఉద్దేశం ఉంటే దాన్ని విడిగా లెక్కించాలి. గ్రైండరు రెండు నిమిషాలు నడిచి ఆగుతుంది. 3.3 కిలోవాట్ల కారు చార్జరు 14, 15 ఆంపియర్లు గంటల తరబడి ఆపకుండా తీసుకుంటుంది. మామూలు 16 ఆంపియర్ల సాకెట్‌లో బిగువు కొంచెం సడలినా ఆ వేడికి ప్లాస్టిక్ రంగు మారి, కరిగిపోతుంది. దానికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో వేరే లైను, వేరే ఎంసీబీ (ఓవర్‌లోడులో తనంతట పడిపోయే స్విచ్), నాణ్యమైన సాకెట్ ఉండాలి.

లెక్క తేలాక కనెక్షన్‌కు మంజూరైన లోడు ఎంతో బిల్లులో చూసుకోవాలి. మించితే పంపిణీ సంస్థకు (డిస్కమ్‌కు) దరఖాస్తు చేసి పెంచుకోవాలి.  తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల టారిఫ్‌లలోనూ గృహ వినియోగం ఎల్‌టీ-1, వాణిజ్యం ఎల్‌టీ-2, పరిశ్రమ ఎల్‌టీ-3 కేటగిరీ. సొంత పనులకు ఇంటి మీటరు సరిపోతుంది. షెడ్డులో డబ్బులకు పని చేయడం మొదలుపెడితే కేటగిరీ మార్చుకోవాలి. మార్చుకోకపోతే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగంగా పరిగణించి రెట్టింపు టారిఫ్‌తో లెక్కగడతారు.

తీగ మందం

తీగను నిర్ణయించేవి మూడు: అది మోయగల కరెంటు, దారిలో తగ్గే వోల్టేజి, చుట్టూ ఉండే వేడి. ఎలక్ట్రీషియన్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగు, ఆరు అని పిలిచేవి రాగి తీగ అడ్డుకోత వైశాల్యాలు, చదరపు మిల్లీమీటర్లలో. లైట్లకు 1.5, మామూలు 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5, కంప్రెసరుకు 4, వెల్డింగ్ పాయింటుకు 6 వాడడం వాడుకలో ఉన్న పద్ధతి. అల్యూమినియం తీగలున్న పాత ఇళ్లలో వాటికి రాగి తీగను నేరుగా మెలిపెట్టి కలపకూడదు. రెండు లోహాల మధ్య పొర పట్టి, బిగువు సడలి, కొన్నేళ్లకు ఆ అతుకు దగ్గరే కాలుతుంది.

మూడింటిలో ఎక్కువమంది మరిచేది వేడిని. తయారీదారుల పట్టికల్లో ఇచ్చే కరెంటు విలువలు సాధారణంగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు లెక్కగట్టినవి. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటుతుంది. ఎండకు కాగిన రేకు కింద పైపులో ఉన్న తీగ చుట్టూ 50 డిగ్రీలు ఉండడం వింత కాదు. 40 నుంచి 70 దాకా వేడెక్కడానికి 30 డిగ్రీల వెసులుబాటు ఉన్న తీగకు అప్పుడు 20 డిగ్రీలే మిగులుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక తీగ సామర్థ్యం దాదాపు 82 శాతానికి పడిపోతుంది. పైపులో 6 చదరపు మిల్లీమీటర్ల తీగ 34 ఆంపియర్లు మోస్తుందనుకుంటే రేకుల షెడ్డులో మే మధ్యాహ్నం 28 మాత్రమే మోస్తుంది. అలాంటి తీగకు 32 ఆంపియర్ల ఎంసీబీ కాపలా కాయలేదు. పైన లెక్కగట్టిన ఫీడరుకు 10 చదరపు మిల్లీమీటర్ల తీగే సరైనది. రేకును ఆనుకుని కాకుండా గోడ వెంట కిందగా పైపు వేస్తే కూడా చాలా మేలు.

దూరం ఎక్కువైతే వోల్టేజి లెక్క ముందుకు వస్తుంది. మీటరు నుంచి షెడ్డు బోర్డుకు 25 మీటర్లుంటే కరెంటు పోయి రావలసిన తీగ పొడవు 50 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల సన్నపోగుల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు దాదాపు 8 ఓములు. 20 ఆంపియర్లకు ఆ తీగలో 8 వోల్టులు పోతాయి. 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో 3.3 వోల్టులే పోతాయి. మోటారు మొదలయ్యే క్షణంలో 60 ఆంపియర్లు లాగితే సన్న తీగలో 24 వోల్టులు, లావు తీగలో 10. సాయంత్రం వేళ ఊళ్లో వోల్టేజి ముందే 200కు పడి ఉంటే ఈ తేడా మోటారును కాల్చేంతది. ఇండక్షన్ మోటారు తిప్పుడు బలం వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి వోల్టేజి 20 శాతం తగ్గితే బలం 64 శాతమే మిగులుతుంది. కంప్రెసరు తిరగలేక గుంయ్‌మంటూ నిలబడి వేడెక్కడానికి కారణం చాలాసార్లు మోటారు కాదు, దానికి వచ్చే తీగ.

ఇంటికి దూరంగా పెరట్లో ఉన్న షెడ్డుకు ఉక్కు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబులును 75 సెంటీమీటర్ల లోతున పాతిపెట్టడం మంచి పద్ధతి. కేబులు కింద, పైన ఇసుక పోసి, దాని మీద ఇటుకలు పేర్చి పూడ్చాలి. రేపు ఎవరైనా గునపం వేస్తే ముందు ఇటుక తగులుతుంది. ఎలుకలు, పందికొక్కులు కొరికే నేలలో కవచం లేని తీగను పీవీసీ పైపులో పాతడం నమ్మదగింది కాదు.

రక్షణ పరికరాలు, ఎర్తింగ్

పూర్వం ఇళ్లలో ఉండే పింగాణి ఫ్యూజు కట్టలో తీగ పోతే చేతికి దొరికిన పోగు చుట్టేవారు. రాగి పోగులు రెండు మూడు చుట్టాక అది ఫ్యూజుగా పనిచేయదు. ఎంసీబీలు ఆ బెడదను తీర్చాయి. ఎంసీబీ రెండు విధాలుగా పడుతుంది: లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగితే మెల్లగా, షార్ట్ సర్క్యూట్‌లో అయస్కాంత శక్తితో తక్షణం. తక్షణం పడే హద్దును బట్టి వీటిలో రకాలున్నాయి. బి రకం తన రేటింగుకు 3 నుంచి 5 రెట్ల మధ్య, సి రకం 5 నుంచి 10, డి రకం 10 నుంచి 20 రెట్ల మధ్య తక్షణం పడుతుంది. లైట్లకు బి, మోటార్లున్న సాకెట్లకు సి వేస్తారు. కంప్రెసరు వేసిన ప్రతిసారీ ఎంసీబీ పడిపోతుంటే పెద్ద రేటింగుది తెచ్చి పెట్టడం మన దగ్గర సర్వసాధారణమైన తప్పు. ఆ పని చేస్తే తీగకు రక్షణ పోతుంది. అదే రేటింగులో బి తీసి సి పెట్టడం, అప్పటికీ ఆగకపోతే తీగను లావు చేసి ఆ తర్వాతే రేటింగు పెంచడం సరైన క్రమం.

ఎంసీబీ కాపాడేది తీగను. మనిషిని కాపాడదు. ఈ సంగతి ఒక చిన్న లెక్కతో తేటపడుతుంది. గ్రైండరు లోపల ఫేజు తీగ ఊడి దాని లోహపు ఒంటికి తగిలిందనుకుందాం. ఇంటి ఎర్త్ పిట్ నిరోధం 5 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తింగ్ 1 ఓము అయితే నేల గుండా పోయే కరెంటు 230ని 6తో భాగిస్తే వచ్చే 38 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ తక్షణం పడాలంటే కనీసం 80 కావాలి. 38 ఆంపియర్లకు అది వేడెక్కి పడేసరికి నిమిషం దాకా పట్టవచ్చు. 32 ఆంపియర్ల ఎంసీబీ అయితే గంటైనా పడకపోవచ్చు. అంతసేపూ యంత్రం ఒంటి మీద 190 వోల్టులు ఉంటాయి. 5 ఓముల ఎర్తింగ్ అంటే చాలా ఇళ్లలో బాగున్నట్టే లెక్క. ఆ బాగున్న ఎర్తింగ్ కూడా ఒంటరిగా మనిషిని కాపాడలేదు.

ఆర్‌సీసీబీ అవసరం ఇక్కడే ఉంది. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానమో కాదో అది నిరంతరం చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతులోపే సరఫరా తెంపేస్తుంది. ఇంకా పెద్ద తేడా అయితే ఇంకా వేగంగా. అంతకన్నా ఎక్కువ కరెంటు ఎక్కువసేపు గుండె గుండా పోతే దాని లయ చెదిరే ప్రమాదం ఉంది కాబట్టే ఇళ్లకు ఈ విలువను ఎంచుకున్నారు. దీన్ని చాలామంది ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. ఆ పేరు పాత తరం పరికరానిది. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడును గుర్తించదు కనుక దాని వెనుక ఎంసీబీలు ఉండి తీరాలి. రెండు పనులూ ఒకటే చేసే ఆర్‌సీబీఓ ఖరీదెక్కువైనా వర్క్‌షాపుకు ఒక సౌకర్యం ఇస్తుంది: ఒక సాకెట్ లైనులో లీకేజి వస్తే అదొక్కటే పడుతుంది, షెడ్డంతా ఆగిపోదు. ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్లు, స్పీడు కంట్రోలు ఉన్న పనిముట్ల లీకేజిలో ఏకముఖ కరెంటు పాలు ఉంటుంది. దాన్ని ఏసీ రకం ఆర్‌సీసీబీ పసిగట్టలేకపోవచ్చు కాబట్టి ‘ఏ’ (A) రకం తీసుకోవాలి. షెడ్డు న్యూట్రల్‌ను ఇంట్లోని మరో లైను న్యూట్రల్‌తో కలిపితే ఆర్‌సీసీబీ అకారణంగా పడుతుంది. అప్పుడు విసిగిపోయి దాన్ని తప్పించి నేరుగా కలిపేసేవారున్నారు. తప్పు న్యూట్రల్‌లో ఉంటే దిద్దవలసింది న్యూట్రల్‌నే.

ఎర్తింగ్ కోసం రెండున్నర మీటర్ల జీఐ పైపును నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపడం తెలుగు నేలమీద అందరూ చూసిన పద్ధతే. నేలలో తేమ ఉంటేనే అది పనిచేస్తుంది. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది. హైదరాబాదు వంటి రాతి నేలల్లో రెండు మూడు అడుగులకే గ్రానైటు తగిలే చోట పైపును వంచో, తెగ్గోసో పాతేస్తే అది పేరుకే ఎర్తింగ్. అక్కడ బోరు వేసి లోతుకు దించడమో, రెండు మూడు పిట్లు తవ్వి కలపడమో చేయాలి. పిట్ నుంచి బోర్డు దాకా, బోర్డు నుంచి ప్రతి సాకెట్ మూడో పిన్ను దాకా పచ్చ తీగ ఎక్కడా తెగకుండా ఉండాలి. ఫేజుకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు పచ్చ అన్న వాడుకను వర్క్‌షాపులో తప్పకూడదు.

సాకెట్లు, దీపాలు

పని బల్ల వెనుక గోడకు నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తున సాకెట్లు వరుసగా ఉంటే ఎక్స్‌టెన్షన్ బాక్సుల అవసరమే రాదు. కారు నిలిపే షెడ్డులో ఈ ఎత్తుకు మరో కారణం ఉంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలను అంటుకుని పరుచుకుంటుంది. నేలకు దగ్గరగా ఉన్న సాకెట్‌లో చిన్న నిప్పురవ్వ కూడా దాన్ని అంటించగలదు. వెల్డింగ్ మెషీన్‌కు 32 ఆంపియర్ల నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టాలి. మెషీన్ ప్లగ్గును 16 ఆంపియర్ల సాకెట్‌లో దూర్చి నడపడం చిన్న షెడ్లలో నిప్పు పుట్టించే అలవాటు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడవుగా ఉండడం వల్ల అది అన్నిటికన్నా ముందు తగిలి, చివర విడిపోతుంది. దాన్ని విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే అలవాటు మానాలి. రెండు చదరాల గుర్తు ఉన్న డబుల్ ఇన్సులేటెడ్ పనిముట్లకు మాత్రం తయారీలోనే ఎర్త్ పిన్ను ఉండదు. రంపపు పొట్టు, లోహపు ధూళి, కోస్తాలో ఉప్పుగాలి చేరకుండా బోర్డుకు, సాకెట్లకు మూతలున్న ఐపీ 54 లేదా 55 పెట్టెలు ఎంచుకోవాలి. పొడుగు వైరును రీలు మీద చుట్టి ఉండగానే గ్రైండరు నడిపితే లోపలి చుట్ల వేడి బయటికి పోలేక తొడుగు కరుగుతుంది. వైరంతా విప్పి వాడాలి.

కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు స్విచ్ వేసి ఉన్న బెంచి రంపం, డ్రిల్లు వాటంతట అవే తిరగడం మొదలుపెడతాయి. ఆ సమయంలో బ్లేడు దగ్గర చెయ్యి ఉండవచ్చు. పొలాల్లో పంపుసెట్లకు వాడే స్టార్టరులో ఉండే నోవోల్ట్ కాయిల్ ఇదే ఆపదను తప్పిస్తుంది: కరెంటు పోగానే స్టార్టరు విడిపోతుంది, పచ్చ బటను మళ్లీ నొక్కితేనే మోటారు తిరుగుతుంది. నేలకు బిగించిన ప్రతి యంత్రానికీ ఆ ఏర్పాటు ఉండాలి. మొత్తం షెడ్డును ఒక్క దెబ్బతో ఆపే మెయిన్ స్విచ్ తలుపు పక్కన, అడ్డేమీ లేని చోట పెట్టాలి.

లైట్ల లైనును సాకెట్ల లైనుతో కలపకూడదు. రంపం తిరుగుతుండగా ఎంసీబీ పడి చీకటైతే ఆగని బ్లేడు ముందు మనిషి గుడ్డివాడవుతాడు. ఇంటి ఇన్వర్టరుకు మోటార్లను కలపకుండా ఒకటి రెండు లైట్లను మాత్రం కలిపి ఉంచితే ఈ ప్రమాదం పూర్తిగా పోతుంది. గదికి 300 లక్స్, బల్ల మీద 500 లక్స్ వెలుతురు ఉంటే కళ్లకు శ్రమ ఉండదు. చవక ఎల్‌ఈడీ బల్బులు 50 హెర్ట్జ్ సరఫరా మీద సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. నిమిషానికి 3,000 చుట్ల వేగంతో తిరిగే చక్రం ఆ వెలుగులో ఆగి ఉన్నట్టే కనబడుతుంది. ఇండక్షన్ మోటారు వేగం దానికి కాస్త తక్కువ కనుక చక్రం మెల్లగా వెనక్కి పోతున్నట్టుంటుంది. నిలిచిపోయిందనుకుని చెయ్యి పెట్టే అవకాశం ఉంది. బల్ల మీద మిణుకు లేని మంచి డ్రైవరు ఉన్న దీపమే వాడాలి.

పరీక్ష

కరెంటు కలిపే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో తీగల ఇన్సులేషన్ కొలిచి, కనీసం 1 మెగా ఓము ఉన్నట్టు చూడాలి. ప్రతి స్విచ్ ఫేజులోనే ఉందా, ప్రతి సాకెట్ ఎర్త్ పిన్ను పిట్ దాకా కలిసిందా అన్నది విడివిడిగా చూడాలి. ఏ ఎంసీబీ ఏ లైనుదో రాసిన చిన్న పటాన్ని బోర్డు తలుపు లోపల అంటించాలి. ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటనును నెలకోసారి నొక్కాలి. ఆ బటను పరికరం లోపలి యంత్రాంగాన్నే పరీక్షిస్తుంది. ఎర్తింగ్ తెగిపోయి ఉన్నా ఆర్‌సీసీబీ మామూలుగానే పడుతుంది. అందుకని ఎర్త్ పిట్ నిరోధాన్ని విడిగా ఏటా ఒకసారి కొలిపించాలి. కొలత మే నెలలో, పిట్‌లో నీళ్లు పోయకముందే తీయించాలి. నేల బాగా ఎండిపోయి, ఏడాదిలో నిరోధం అత్యధికంగా ఉండేది అప్పుడే.